శ్రీరాముడు కట్టిన జరిమానా

భద్రాచలంలో అనుమతి లేకుండా లేచిన కట్టడాలలో జగత్ప్రసిద్ధమైనది ఏదని అడిగితే, కాస్త హాస్యం తెలిసినవారెవరైనా గుట్ట మీదికి చెయ్యి చూపిస్తారు.

నవ్వకండి. కథ మీకు తెలిసినదే. ఒక్కసారి సర్కారు కళ్ళద్దాలు పెట్టుకొని మళ్ళీ చూడండి. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న గారు పాల్వంచ పరగణాకు తహశీల్దారు. శిస్తు వసూలు చేసి గోలకొండకు పంపడం ఆయన ఉద్యోగం. పోవలసిన సొమ్ము పోకుండా గోదావరి ఒడ్డున ఆగిపోయి, మండపమై, ప్రాకారమై, గోపురమై లేచి నిలబడింది. ప్రభువు అనుమతి లేదు, పైవారి సంతకం లేదు. తానీషా వారు పన్నెండేళ్ళు చెరలో పెట్టించారని ఐతిహ్యం. చివరికి రామలక్ష్మణులే మారువేషాలు వేసికొని వెళ్ళి, ఆరు లక్షల మొహరీలు నవాబు ముందు కుమ్మరించి, రశీదు వ్రాయించుకొని వచ్చారని హరికథల్లో విన్నాం, సినిమాల్లో చూచాం. సొమ్ము ముట్టింది, చెల్లు పడింది, తహశీల్దారు ఇంటికి వచ్చాడు, గుడి గుడిగానే ఉంది. పైగా జరిమానా పుచ్చుకున్న ప్రభువే తరువాత కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడట. నవమినాడు ప్రభుత్వం పక్షాన అవి ఇప్పటికీ వస్తున్నాయి.

దీన్నే నేటి కచేరీ భాషలో "అనధికార కట్టడాల క్రమబద్ధీకరణ" అంటారు.

పోలిక సరదాగా ఉందిగాని, ఒక చోట కుదరదు. రామదాసు గారి తప్పు ఖజానా పద్దులో ఉంది, గోడలో లేదు. దేవుడికి చేయించిన నగలకు ఏది ఎంతయిందో ఒక కీర్తనలో విడివిడిగా అప్పజెప్పిన మనిషి ఆయన. బాకీ సొమ్ములో ఉంది కనుక సొమ్ముతో తీరింది. గోడ మీద నవాబుకు ఫిర్యాదు లేదు. ఇప్పటి పథకాలలో బాకీ ఉండేది గోడలో, పునాదిలో, పక్కింటివాడికి దక్కవలసిన గాలిలో. తీర్చేది మాత్రం ఖజానాకు.

తెలుగు పంతులమ్మను గనుక ఈ "క్రమబద్ధీకరణ" అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. అక్రమం, సక్రమం. రెంటికీ తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం మార్చడానికి గజానికింత అని రుసుము. ఇలాంటి దిద్దుబాటు మా వ్యాకరణంలోనూ ఉంది లెండి. సూత్రానికి లొంగని ప్రయోగం ఎదురైతే "బహుళము" అని ఒక తలుపు తీసి ఉంచారు చిన్నయసూరి గారు. ఆయన విడిచిపెట్టినవాటిని ఏరి, పూర్వకవులు వాడారు గనుక సాధువులేనని సీతారామాచార్యులు గారు ప్రౌఢవ్యాకరణం వ్రాశారు. అయితే ఏం? సంధి తప్పినందుకు ఎవరి నెత్తినా పద్యం కూలి పడలేదు. కట్టడం సంగతి అలాంటిది కాదు.

మన ప్రభుత్వాలు ఈ తలుపు ఎన్నిసార్లు తెరిచాయో చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ఒకసారి. మళ్ళీ 2007 డిసెంబరు 31న, సంవత్సరం గడప దాటబోతూ ఉండగా, రెండు ఉత్తర్వులు వచ్చాయి. 901వది కట్టడాలకు, 902వది లేఅవుట్లకు. రాష్ట్రం రెండయిన తరువాత అన్నదమ్ములు ఉమ్మడి ఆస్తితోపాటు ఈ అలవాటునూ పంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో, 2019లో. తెలంగాణలో 2015 నవంబరు 2న, మళ్ళీ స్థలాల మటుకు 2020 ఆగస్టు 31న. ప్రతిసారీ "ఇదే ఆఖరు" అనే మాట వినబడుతూనే ఉంటుంది. పెళ్ళిలో ఆఖరి బంతి అన్న తరువాత కూడా ఎవరో ఒకరు చేతులు కడుక్కొని వస్తూనే ఉంటారు, వంటవాడు విస్తరి వేస్తూనే ఉంటాడు. ఇదీ అంతే.

2020 నాటి పిలుపుకు 25 లక్షలకు పైగా అర్జీలు వచ్చాయి. ఒక్కో ప్లాటుకు వెయ్యి రూపాయలు అర్జీ రుసుము. అవి ఏళ్ళ తరబడి కదలలేదు. 2025 మార్చి నెలాఖరులోగా క్రమబద్ధీకరణ సొమ్ము కట్టేవారికి 25 శాతం తగ్గింపు అని ప్రకటించి, ఆ గడువునూ తరువాత పొడిగించారు. ఆషాఢంలో చీరల దుకాణంవాడు కూడా ఇంతకంటె ఓర్పుగా పిలవడు.

అర్జీ పెట్టుకున్నవారంతా దొంగలని నేననను. ఈ పత్రిక చదివే ఇళ్ళలోనే ఎందరో ఉండి ఉంటారు. భవిష్యనిధి సొమ్ము తీసి, ఆడపిల్ల పెళ్ళికి పనికివస్తుందని ఊరి చివర రెండు వందల గజాలు కొనుక్కున్న గుమాస్తాకు, ఆ లేఅవుటుకు అనుమతి లేదని ఎవరు చెప్పారు? రంగుకాగితం మీద పార్కు బొమ్మ చూపించి అమ్మినవాడు లాభం మూటకట్టుకొని మరో ఊరి పొలిమేరకు వెళ్ళిపోయాడు. రుసుము పడింది కొనుక్కున్నవాడి మీద. ఆ పార్కు మాట కూడా చెప్పాలి. ఖాళీ జాగా వదలని లేఅవుటులో ఆ లోటుకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకోవాలని 2020 నిబంధన. కట్టవచ్చు. కాని పిల్లవాడు బంతి పట్టుకొని ఆ రశీదు మీద ఆడుకుంటాడా?

ఖమ్మంలో నాతో చదువుకున్న స్నేహితురాలొకామె ఉంది. ఇల్లు కట్టేటప్పుడు నిబంధన ప్రకారం చుట్టూ ఖాళీ విడిచింది. దాంతో పూజగది పోయింది, అత్తగారితో ఆరు నెలలు మాటలు లేవు. పక్కాయన అంగుళం వదలకుండా ప్రహరీ నుంచి ప్రహరీకి కట్టి, పైన ఇంకో అంతస్తు వేసి అద్దెకిచ్చాడు. 2015లో పథకం వచ్చినప్పుడు అర్జీ పడేసి వచ్చాడు. ఆ పథకం మీద హైకోర్టులో వ్యాజ్యం పడి అర్జీలు ఎక్కడివక్కడ ఉండిపోయాయిగాని, అద్దె మాత్రం ఏ నెలా ఆగలేదు. "నేను విడిచిన గాలి ఆయన కిటికీలోంచి పోతోందే" అంటుంది ఆమె. చట్టాన్ని నమ్మినందుకు మనిషి తెలివితక్కువది అనిపించుకోవడం కంటె పెద్ద నష్టం పథకం వల్ల ఏముంటుంది?

ఇదంతా మిగతా ఊళ్ళ సంగతి. మా భద్రాచలం చిక్కు వేరు. ఇక్కడ రుసుము కడతానన్నా పుచ్చుకొని సక్రమం చేసే వీలు చాలామందికి లేదు.

మాది ఏజెన్సీ ప్రాంతం. కోయల, కొండరెడ్ల భూములు మైదానంనుంచి వచ్చినవారి అప్పుల పద్దుల్లోకి జారిపోతున్నాయని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. తరువాత 1959లో ఒక రెగ్యులేషన్. భద్రాచలం, నూగూరు తాలూకాలు గోదావరి జిల్లానుంచి ఖమ్మం జిల్లాకు మారింది కూడా ఆ సంవత్సరమే. ఆపైన 1970లో దానికి కట్టుదిట్టమైన సవరణ. అదే మా ఊళ్ళో పాలబూతువాడికి కూడా కంఠతా వచ్చిన "వన్ ఆఫ్ సెవెంటీ". షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరుడికి చెల్లుబాటుగా చేతులు మారదు. అమ్మేవాడు గిరిజనుడైనా సరే, గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుడినుంచి వచ్చినదేనని చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ కట్టడి రాజ్యాంగానికి లోబడినదేనని తేల్చింది. పాత హక్కులు రుజువు చేసికోగలవారి మాట వేరు.

అయితే ఊరు ఆగుతుందా? 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. యాత్రికులు వచ్చారు, వారి వెనక సత్రాలు, హోటళ్ళు, ఆస్పత్రులు, కాలేజీలు, మా బోటి ఉద్యోగులు. 2011 జనాభా లెక్కలలో దాదాపు 50 వేలమంది. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల పల్లెలన్నీ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయి, ఊరికి ఒక పక్క గోదావరి, మిగిలిన పక్కల పొరుగు రాష్ట్రం సరిహద్దు అయ్యాయి. చెత్త పోసుకోవడానికి కూడా జాగా వెతుక్కోవలసిన ఊరు పక్కకు పెరగలేదు. ఇక పైకే పెరిగింది. పేరుకు గ్రామపంచాయతీ. తల ఎత్తి చూస్తే అంతస్తులు.

దేవుడి భూమికీ శాంతి లేదు. పురుషోత్తపట్నంలో దేవస్థానానికి 889 ఎకరాల భూమి ఉంది. అది ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉంది. అక్కడ కట్టుబడులను ఆపించబోయిన కార్యనిర్వహణాధికారిణి మీద 2025 జూలైలో దాడి జరిగింది. ఆరు లక్షలు కట్టి తన గుడిని సక్రమం చేసికొన్న స్వామికి, తన పొలంలో అక్రమం ఆపుకొనే దారి దొరకలేదు.

మేం అద్దెకు ఉంటున్న ఇల్లూ ఈ లెక్కలోదే. యజమాని గారిని నేను బాబాయి గారూ అంటాను. ఆయన తండ్రి వంతెన వచ్చిన కొత్తలో గుంటూరు వైపునుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టారట. స్థలం తెల్లకాగితం మీద కొన్నది. ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, మంచినీటి పంపు కాగితం, అన్నీ ఒక ట్రంకుపెట్టెలో పెట్టి, పట్టా అంత భద్రంగా చూచుకుంటారు.

"అమ్మాయీ, పన్ను పుచ్చుకునేటప్పుడు నేను ఈ ఊరివాణ్ణి. ప్లాను పట్టుకొని వెళితే నీ స్థలమేదీ అంటారు" అన్నారొకసారి.

"మరి ప్లాను లేకుండా ఎలా కట్టారు బాబాయి గారూ?"

"మేస్త్రీ ఉన్నాడుగా! నలభై ఏళ్ళ అనుభవం. అతని కన్నే ప్లాను."

మావారు ఆ మాటకు తల ఎత్తి మా వరండా స్లాబును ఒకసారి చూచారు.

బాబాయి గారి మాటలో న్యాయం లేకపోలేదు. అరవై ఏళ్ళుగా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలున్న ఇల్లు. కాని రెండో వైపు కూడా మాట్లాడే మనిషి మా క్లాసులోనే ఉంది. రామదాసు చరిత్ర పాఠం చెబుతూ, నేను ఈ జరిమానా చమత్కారమే విసిరాను. పిల్లలందరూ నవ్వారు. వెనక బెంచీలో కోయ అమ్మాయి ఒకతె లేచి, "మేడం, ముందు పందిరి వేసింది దమ్మక్క కదా! ఆవిడను అనుమతి ఎవరైనా అడిగారా?" అంది.

క్లాసు నిశ్శబ్దమైంది. నిజమే. పుట్టలో ఉన్న స్వామిని కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నివేదన పెట్టిన పోకల దమ్మక్క కథ స్థలపురాణంలో మొదటి పుట. ఆ పిల్ల ఆగకుండా ఇంకో మాట చెప్పింది. వాళ్ళ తాతగారి చేను ఇప్పుడు ఊళ్ళో ఒక వీధి అట. బస్సు దిగి కాలేజీకి వచ్చేటప్పుడు రోజూ ఆ వీధిలోంచే నడిచి వస్తుందట. "మాకు కాగితం ఉంది మేడం, వాళ్ళకు ఇల్లు ఉంది" అంది. ఇంతకంటె క్లుప్తంగా మా ఊరి సమస్యను ఏ కమిటీ చెప్పగలదు?

అందుచేత, ఇక్కడి ఇళ్ళన్నిటినీ ఒక్క కలంపోటుతో సక్రమం చేసేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మైదానంలో ఆ పని పథకమైతే, ఇక్కడ అది ఆ పిల్ల తాతగారి చేనుకు రెండోసారి వ్రాసిన అమ్మకం. అన్నట్టు, అడవి వైపు చూస్తే ఇంకో రకం క్రమబద్ధీకరణ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి పోడు చేసికొంటున్న గిరిజనులకు పట్టాలు. రెండూ ఒకటేగా అంటారు కొందరు. కానేకాదు. ఆ చట్టం తొలి పలుకులలోనే, తరతరాలుగా జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికని వ్రాసి ఉంది. అక్కడ ప్రభుత్వం తన తప్పు దిద్దుకుంటోంది. రుసుము పుచ్చుకొని ఎదుటివాడి తప్పు మరిచిపోవడం వేరు.

ఇక 2025 మార్చి 26, బుధవారం. శ్రీరామనవమికి పదకొండు రోజులుంది. ఊళ్ళో పందిళ్ళ మాటలు, తలంబ్రాల మాటలు. పైన చెప్పిన 25 శాతం తగ్గింపు గడువు ఆ వారాంతానికే దగ్గరపడుతోంది. ఆనాడు భద్రాచలంలో కట్టుబడిలో ఉన్న ఆరంతస్తుల భవనం ఒకటి కుప్పకూలింది. పాత కట్టడం మీద కొత్త అంతస్తులు, అనుమతి లేదు అని అధికారులు చెప్పారు. పనిలో ఉన్నవారు ఇద్దరు చనిపోయారు.

చనిపోయినవారు ఇంటివారు కారు, స్థలం కొన్నవారు కారు, ప్లాను లేకపోయినా పరవాలేదని నిర్ణయించినవారు కారు. కూలికి వచ్చినవారు. హైదరాబాదులో 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం కట్టుబడిలోనే కూలి 11 మంది పోయినప్పుడూ ఇంతే. అదీ అనుమతి లేనిదే. పొట్ట చేతపట్టుకొని వచ్చినవారే దాని కిందా ఉన్నారు. సక్రమమా అక్రమమా అన్న వాదన అంతా యజమానికి, కచేరీకి మధ్య నడుస్తుంది. నెత్తిన ఇసుక తట్టతో నిచ్చెన ఎక్కే మనిషిని ఆ వాదనలోకి ఎవరూ పిలవరు.

ఆ వారమంతా మా వీధిలో ప్రతివారూ తమ తమ పిల్లర్ల వంక చూచుకున్నారు. నేను కూడా ఇంటి గోడ మీద సన్నని గీత కనిపిస్తే, అది బీటా, సున్నం పెచ్చా అని గోరుతో గీకి చూచాను.

రుసుము పుచ్చుకొని కట్టడాన్ని మన్నిస్తే ఏమవుతుందో చూడటానికి తుర్కీ దేశం దాకా వెళ్ళవలసివస్తోంది. 2018లో, ఎన్నికలకు ముందు, అక్కడ అనుమతి లేని కట్టడాలన్నిటికీ సొమ్ము కట్టి పత్రం తీసికొనే సావకాశం ఇచ్చారు. లక్షల మంది తీసికొన్నారు. ఆ చట్టంలోనే ఒక వాక్యం పెట్టారు: కట్టడం భూకంపానికి తట్టుకుంటుందా లేదా అన్నది యజమాని బాధ్యత అని. సొమ్ము మాది, పూచీ మీది! 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున భూమి కదిలింది. ఆ ఒక్క దేశంలోనే 50 వేలమందికి పైగా చనిపోయారు. కూలిన ఇళ్ళన్నీ పత్రం తీసికొన్నవేనని కాదు. అనుమతి ఉండి కూలినవీ ఉన్నాయి. నేను చూపిస్తున్నది ఆ ఒక్క వాక్యాన్ని. పత్రం ఇచ్చే చెయ్యి పిల్లరును ముట్టుకోనక్కరలేదని చట్టమే ఒప్పుకొన్న వాక్యం అది.

మాకు భూకంపం కంటె గోదావరి దగ్గర. మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. నీళ్ళలో రోజుల తరబడి నానిన పునాది మీద మరో అంతస్తు వేసేటప్పుడు గోదావరి ఏ కచేరీలోనూ రశీదు అడగదు.

సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న మీరట్ కేసులో చెప్పిన మాటలు మన నాయకులు ఎవరైనా తీరికగా చదివితే బాగుండును. ఎన్నేళ్ళు గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా, అధికారులు ఎంతకాలం కళ్ళు మూసికొని కూర్చున్నా అనుమతి లేని కట్టడం సక్రమం కాదంది. క్రమబద్ధీకరణ పథకాలు అసాధారణ పరిస్థితులలో, క్షుణ్ణంగా సర్వే చేసి, నేల ఎలాంటిదో, నది ఎంత దగ్గరో చూచి, నివాస గృహాలకు మాత్రమే, ఒక్కసారికే పెట్టాలంది. కట్టడం పూర్తయినట్టు ధ్రువపత్రం చూపిన తరువాతే కరెంటు, నీళ్ళు ఇవ్వాలని కూడా చెప్పింది. "ఒక్కసారికే" అన్న మాట దగ్గర నాకు ఆఖరి బంతి గుర్తుకు వచ్చింది.

అయితే ఇప్పటికే లేచి ఉన్న ఇళ్ళ మాటేమిటి? మా ఊళ్ళో వేల ఇళ్ళున్నాయి. అన్నీ పడగొట్టడం జరిగే పని కాదు, జరగకూడదు కూడా. అన్నిటికీ పట్టాలివ్వడం ఆ కోయ పిల్ల పక్కన కూర్చొని వ్రాయగల పరిష్కారం కాదు. ఈ రెండు అసాధ్యాల మధ్య మనం మూడో పనిని మరిచిపోయాం. స్థలం ఎవరిది అన్నది ఒక ప్రశ్న. ఇల్లు నిలుస్తుందా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు లేదు గనుక రెండోది ఎవరూ అడగడం లేదు. ప్లాను తీసికొంటే హక్కు ఒప్పుకొన్నట్టవుతుందని కచేరీ భయం. ఇంజనీరును పిలిస్తే నోటీసు వెంట వస్తుందని యజమాని భయం. మధ్యలో స్లాబు తన పాటికి తాను బరువు మోస్తూ ఉంటుంది.

వైద్యుడు జ్వరం చూచేటప్పుడు రోగి ఆ ఊళ్ళో ఏ హక్కుతో ఉన్నాడని అడగడు కదా! అలాగే ఒక ఇంజనీరు వచ్చి, పునాది చూచి, పిల్లర్లు కొలిచి, ఈ ఇంటికి రెండంతస్తులకు మించి వద్దు, ఆ మూల పిల్లరు బాగుచేయించండి అని వ్రాసి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఆ కాగితం మీదనే, ఇది స్థలం మీద ఏ హక్కుకూ రుజువు కాదు అని పెద్ద అక్షరాలతో అచ్చువేయండి. భూమి వ్యాజ్యం ఆ కోర్టులో ఆ దారిన నడుస్తుంది, ఆ పిల్ల తాతగారి కాగితానికి భంగం రాదు. కట్టుబడి సాగుతూ ఉంటే మాత్రం, అది ఎవరిదైనా సరే, పునాది దగ్గరే ఆపాలి. ఆరో అంతస్తు దాకా ఊరుకొని నోటీసు అంటించడం పిల్లవాడు బావిలో పడిన తరువాత గిలక బిగించడం లాంటిది.

దీనికి అభ్యంతరం ఉంది, నాకు తెలుసు. మా కాలేజీలోనే గిరిజన సంక్షేమం గురించి బాగా తెలిసిన ఒక సహోద్యోగి అన్నారు: "ఈ రోజు గట్టితనం కాగితం, రేపు దాన్నే పట్టుకొని ఓట్ల ముందు పట్టా అడుగుతారు. పన్ను రశీదు అలాగే ట్రంకుపెట్టెలోకి వెళ్ళింది కదండీ?" ఈ మాట తేలికగా తీసేసేది కాదు. అడుగుతారు. అడిగినప్పుడు లేదనగల ప్రభుత్వం ఉండాలి. లేదనలేమేమో అన్న భయంతో పిల్లరును చూడకుండా ఉంటే, ఆ భయానికి మూల్యం ఇచ్చేది ఇసుక తట్ట మోసేవాడు. ఆయన కూడా, పక్క పల్లెల్లోంచి వచ్చినవాడైతే, తరచుగా గిరిజనుడే.

మా ఊరి డాబాలన్నిటి మీదా ఒక అలంకారం ఉంటుంది, ఎప్పుడైనా వస్తే చూడండి. పిట్టగోడ దాటి పిల్లర్ల నెత్తిన ఇనుప చువ్వలు నిక్కబొడుచుకొని నిలబడి ఉంటాయి. రాబోయే అంతస్తు కోసం వదిలినవి. వాటికి బట్టల తీగలు కడతారు, సంక్రాంతికి గాలిపటాలు చిక్కుకుంటాయి, వానకు తుప్పు కారి గోడల మీద గోధుమరంగు చారలు దిగుతాయి. మా మేడ మీద కూడా అలాంటివి నాలుగు మూలలా ఉండేవి. పెద్దబ్బాయికి పెళ్ళయితే పైన వాటా వేయాలని బాబాయి గారి ఊహ.

మార్చిలో ఆ భవనం కూలిన తరువాత ఆయన నెల రోజులు ఏమీ అనలేదు. ఒకనాడు ఖమ్మంనుంచి ఒక ఇంజనీరును సొంత ఖర్చుతో పిలిపించారు. ఆ అబ్బాయి రెండు గంటలు ఇల్లంతా తిరిగి, పునాది దగ్గర ఒక చోట తవ్వించి చూచి, ఇక పైన ఏమీ వేయవద్దని చెప్పి వెళ్ళాడు. మర్నాడు ఆదివారం పొద్దున్నే మేడ మీద రంపం చప్పుడు. మావారు వెళ్ళి చూస్తే, బాబాయి గారు మనిషిని పెట్టి చువ్వలు కోయిస్తున్నారు.

"వేయకపోతే వేయకపోయారు, ఉంటే ఏం పోయిందండీ? బట్టలైనా ఆరేసికొనేవాళ్ళం" అన్నారు మావారు.

"కంటికి కనబడుతుంటే కట్టాలనిపిస్తుంది బాబూ" అని, ఆయన ముక్కలు లెక్కపెట్టించి, పాతఇనుము బండివాడి కోసం మెట్ల కింద చేర్పించారు.